బిరడా నేల మీద అర్ధచంద్రాలు

మా బావ ముప్పైనాలుగేళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశాడు. డిపోలో ఆయనకు 'భూతద్దం' అని పేరు. నిజానికి ఆయన ఏనాడూ భూతద్దం వాడలేదు, ఆయన కళ్ళే చాలు. ఆయన ఎక్కిన బస్సులో కండక్టర్లు చొక్కా గుండీలు సర్దుకునేవాళ్ళట. అరవడం, తిట్టడం ఆయనకు తెలియదు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, టికెట్ తీసుకుని, వెలుతురుకు ఎత్తి, అందులో కొట్టిన చిల్లులోంచి ఒంటికన్నుతో అవతలికి చూసేవాడు. ఆ చూపుకే సగంమంది నిజం కక్కేసేవాళ్ళు. టికెట్ సరిగ్గా ఉన్నవాళ్ళు కూడా కంగారులో ఏదో ఒకటి ఒప్పుకునేవాళ్ళు.

ఆ రోజుల్లో టికెట్‌కు చిల్లు కొట్టే పంచ్ ఒక్కో కండక్టరు చేతిలో ఒక్కో రకంగా అరిగేది. ఒకరిది గుండ్రంగా పడితే ఒకరిది ఓ పక్కన చిరిగేది. చిల్లు అంచు చూసి, ఇది ఫలానా కండక్టరు కొట్టినదనీ, కదిలే బస్సులో కొట్టాడా ఆగిన బస్సులో కొట్టాడా అన్నదీ కూడా చెప్పేవాడు బావ. నేను నమ్మకపోతే నా చేతిలో రెండు పాత టికెట్లు పెట్టి, "చూడవోయ్, ఇది తీరిగ్గా కొట్టింది, ఇది గతుకులో కొట్టింది" అనేవాడు. నాకు రెండూ చిల్లుల్లాగే కనిపించేవి.

మా అక్కను ఆయన మొదటిసారి చూసింది కూడా బస్సులోనే. పుస్తకంలో తలదూర్చి, దిగాల్సిన స్టేజీ దాటి రెండు స్టేజీలు ముందుకు వచ్చేసింది. "ఎక్కడ దిగాలి?" అని ఈయన. "దిగాను కదా" అని ఆవిడ, తల ఎత్తకుండానే. ఆ జవాబుకు ఆయన దగ్గర చట్టం ఏమీ లేకపోయింది. ఏడాది తిరిగేసరికి నాకు బావ అయ్యాడు.

రిటైరయ్యాక ఆ కళ్ళకు పనిలేకుండా పోయింది. దాంతో ఇంటి మీద పడ్డాయి. పేపరువాడు తమకు వేసేది ఎవరో చదివి మళ్ళీ మడిచిన పేపరని అనుమానం. గడియారం ఆయన నిద్రలో ఉన్నప్పుడు మాత్రమే ఆలస్యంగా తిరుగుతోందని అనుమానం. నేను వాళ్ళ పై అంతస్తులోనే ఉంటాను. నా దగ్గర వాళ్ళింటి రెండో తాళంచెవి ఉండేది కాబట్టి, ఏ వస్తువు రెండంగుళాలు జరిగినా మొదటి చూపు నా మీద పడేది. రోజూ పదింటికి ఎదురుగా ఉన్న బస్‌షెల్టరులోకి వెళ్ళి కూర్చునేవాడు. పోయే ప్రతి బస్సునూ చూస్తూ, "ఆ మూడో కిటికీ వాడికి టికెట్ లేదు" అని తనలో తాను అనుకునేవాడు. సరిగ్గా పదకొండున్నరకు లేచి ఇంటికి వచ్చేవాడు. ఒక్క నిమిషం ముందూ కాదు, వెనకా కాదు.

ఇలా ఉండగా అక్క పడిపోయింది. గచ్చు మీద నీళ్ళు లేవు, చెప్పు జారలేదు, ఊరికే పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఎముక అతుక్కుంది. ధైర్యమే అతుక్కోలేదు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బాత్రూముకు, అదీ బావ చెయ్యి పట్టుకుని. అంతకు మించి ఒక్క అడుగు వెయ్యనంది.

డాక్టరమ్మ మొహమాటపడకుండా చెప్పింది. "ఎముక పని నేను చేశాను. మిగతాది ఆవిడ చెయ్యాలి. ఈ ఆర్నెల్లలో నడిస్తే నడిచినట్టు. లేకపోతే తర్వాత నడుద్దామనుకున్నా కండ రాదు, కుర్చీయే గతి."

"విన్నావా?" అన్నాడు బావ.

"విన్నాను. ఆ గచ్చును చూస్తే కాళ్ళు చల్లబడతాయండీ. మళ్ళీ ఎప్పుడు పడతావా అని నావంకే చూస్తున్నట్టుంటుంది."

అప్పుడు నోరు జారింది నేనే. ఎక్కడో చదివాను, సీసాలకు పెట్టే బిరడా ఉంటుందే, ఆ చెట్టు బెరడుతోనే పలకలు చేసి నేలకు పరుస్తారని. మెత్తగా ఉంటుంది, చలి తెలియదు, పడినా దెబ్బ తక్కువ. అక్క మొహంలో ఆ మాటకు కొంచెం వెలుగు వచ్చింది. బావ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "బిరడాలు పరిచిన ఇల్లు ఎక్కడైనా చూశావుటోయ్?" అన్నాడు. చూడలేదు. అయినా పడకగదిలోనూ హాల్లోనూ వేయించాడు. అక్క అడిగినదానికి ఆయన కాదన్నది నాకు గుర్తులేదు.

వేసినది నేలల పని తప్ప ఇంకో పని ఎరగని మేస్త్రి. యాభై దాటాయి, రెండు మోకాళ్ళకూ తోలు పట్టీలు, మాట్లాడేటప్పుడు కూడా నేలనే చూసేవాడు. పలకల కట్టలు విప్పి మూడు రోజులు గదిలో ఊరికే ఉంచాడు. "ఇంటి గాలికి అలవాటుపడాలి సార్. తొందరపడి అంటిస్తే తర్వాత ఉబ్బుతాయి" అన్నాడు. పని జరగకుండా మూడు రోజులు గడవడం బావకు మొదటి అనుమానం. వెళ్ళేటప్పుడు అల్మారా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి వెళ్ళాడు. నీళ్ళు నిలవనివ్వకండి. కుర్చీ కాళ్ళకు గుడ్డ ముక్కలు తొడగండి. ఎండ సూటిగా పడకుండా పరదా వెయ్యండి. అడుగున రబ్బరు ఉన్న పట్టాలు పరచకండి. మొనదేలిన బరువులు పెట్టకండి.

బావ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "ఇన్ని షరతులు ఎందుకు పెట్టాడో తెలుసా? రేపు ఏదైనా అయితే తప్పు మనది కావడానికి. ముఖ్యంగా ఆ నాలుగోది చూడు. పట్టా పరిస్తే నేల అరగదు. నేల అరగకపోతే వాడికి మళ్ళీ పని దొరకదు. అందుకే వద్దన్నాడు." మర్నాడే బజారుకు వెళ్ళి, అడుగున మందమైన రబ్బరున్న పట్టా తెచ్చి గుమ్మం ముందు పరిచాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

నాలుగు నెలలు గడిచాయి. కొత్త నేల మీద కూడా అక్క నడవలేదు. కుర్చీలో కూర్చుని పాదాలు మాత్రం ఆనించి, "వెచ్చగా ఉందిరా" అనేది నాతో. అంతే. డాక్టరమ్మ చెప్పిన గడువులో రెండు నెలలు మిగిలాయి. బావ రోజుల లెక్కను పైకి అనేవాడు కాదు గాని, కేలెండరు ముందు నిలబడే సమయం పెరిగింది.

ఒక ఉదయం నన్ను కిందికి పిలిచాడు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ ఎండలో, మంచం పక్కన నేల మీద చిన్న చిన్న గుంటలు. ఒకటి కాదు, ఏడో ఎనిమిదో. ఒక్కొక్కటీ గోరంత, అర్ధచంద్రంలా. బావ అప్పటికే ప్రతిదాని చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టి ఉంచాడు.

"నాసిరకం సరుకు," అన్నాడు. "లోపల కుళ్ళిపోయింది. పైకి ఇలా దిగబడుతోంది."

"నాకు అలా అనిపించడంలేదు బావా."

"నీకెందుకు అనిపిస్తుంది? బిరడా సలహా నీదే కదా."

అక్క పేపరు చదువుకుంటోంది. తల ఎత్తలేదు.

ఆ వారంలో గుంటలు పెరిగాయి. బావ వాటికి అంకెలు వేశాడు, పక్కన తేదీలు రాశాడు. అక్కడి నుంచి ఇంట్లో ఎవరినీ వదల్లేదు. ఇల్లు తుడిచే ఆవిడ బకెట్ తీసుకుని వస్తే, వెనక వెనకే నడిచి బకెట్ అడుగు తిప్పి చూశాడు.

"ఏంటి బాబుగారూ, బకెట్లో ఏం దాచాననుకున్నారు?"

"ఎక్కడ పెట్టావు నిన్న?"

"చేతిలో. పెట్టేదానికి చోటెక్కడుంది? మీరు నేలంతా సున్నాలు చుడుతున్నారుగా. తుడిచేస్తే తిడతారు, తుడవకపోతే తిడతారు. ఎటు తొక్కాలో ఒక బాణం గుర్తు కూడా వెయ్యండి."

అక్కకు నవ్వు ఆగలేదు. బావ ఆ నవ్వును కూడా అనుమానంగానే చూశాడు.

ఇక మేస్త్రిని పిలిపించాడు. కోపంగా మాట్లాడాలని ముందే నాలుగు మాటలు కూర్చుకుని ఉన్నాడు. మేస్త్రి వచ్చాడు, ఎవరితోనూ మాట్లాడకుండా మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో నేల నిమిరాడు. అంచుల దగ్గర గోరుతో గీరి చూశాడు. వేలితో తట్టి విన్నాడు.

"సార్, అంటు సరిగ్గా ఉంది. ఎక్కడా లేవలేదు, ఉబ్బలేదు. ఇది లోపల్నుంచి దిగింది కాదు. పైనుంచి ఎవరో గుచ్చారు."

"ఎవరు గుచ్చుతారయ్యా పనిలేక? నీ పలకే మెత్తబడింది."

"మెత్తగా ఉండాలనే కదా సార్ వేయించుకున్నారు!" బొటనవేలితో గట్టిగా నొక్కి తీశాడు. నొక్కినచోటు మెల్లగా మళ్ళీ పైకి వచ్చింది. "చూడండి, బతికే ఉంది. కుర్చీ కాలు దిగినా కొంత లేస్తుంది. సన్నటి ఇనుప అంచు పడితే మాత్రం లేవదు, తెగుతుంది. ఎవరి కాలికింద ఇనుముందో చూసుకోండి." అని లేవబోతూ గుమ్మం వైపు చూసి ఆగాడు. పాక్కుంటూ వెళ్ళి పట్టా కొస పైకెత్తాడు. కింద నేల, పట్టా కొలతకు సరిగ్గా, ముదురు పసుపు రంగుకు తిరిగిపోయి ఉంది.

"ఇది ఎవరు పరిచారు సార్?"

బావ గొంతు సవరించుకున్నాడు. "అది వేరే విషయం."

"రబ్బరు వద్దని రాశాను కదా?"

"రాశావు. అందుకే..." అని మధ్యలో ఆగిపోయాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్క పేపరు కొంచెం పైకెత్తుకుంది.

మేస్త్రి ఎత్తిపొడవలేదు. సంచిలోంచి మిగిలిపోయిన పలక ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "మీ ఇంట్లో ఉన్న వస్తువులన్నీ దీని మీద నొక్కి చూడండి. ఏది ఆ ముద్ర వేస్తుందో మీకే తెలుస్తుంది. అప్పటికీ తప్పు నాదే అంటే, మొత్తం నేల పీకి మళ్ళీ వేస్తాను. ఈ చేతులు వేసిన నేల మీద ఇంతవరకూ ఎవరూ సున్నాలు చుట్టలేదు సార్." గొంతులో కోపం లేదు, అవమానం ఉంది. అది బావకూ వినిపించినట్టుంది.

తర్వాతి మూడు రోజులు ఆ పలక మీద పరీక్షలు నడిచాయి. కుర్చీ కాలు, బకెట్ అంచు, కుక్కర్ అడుగు, తుడిచే ఆవిడ కట్టె చీపురు. నా గొడుగు తెమ్మన్నాడు. తెచ్చాను. నన్నే పొడవమన్నాడు. పొడిచాను.

"ఇంకొంచెం గట్టిగా. మామూలుగా ఎలా నడుస్తావో అలా."

"నేను మీ పడకగదిలో గొడుగు వేసుకుని నడుస్తానా బావా?"

"ఏమో. తాళంచెవి నీ దగ్గరే కదా."

గొడుగు ముద్ర గుండ్రంగా పడింది. నిరాశగా చూసి వదిలేశాడు. నేరస్థుణ్ణి నేరం చేస్తుండగానే పట్టుకోవాలని ఒకరోజు షెల్టరు నుంచి పదింబావుకే వచ్చేశాడు. తలుపు చప్పుడు కాకుండా తీశాడట. ఇంట్లో అక్క ఒక్కతే ఉంది. కుర్చీలో కూర్చుని ఉంది గాని నుదురంతా చెమట, ఊపిరి ఎగబీలుస్తోంది.

"జ్వరమా?" అన్నాడు కంగారుగా.

"ఫ్యాను సరిగ్గా తిరగడంలేదండీ. అయినా ఇంత తొందరగా వచ్చారేం? బస్సులు రావడం మానేశాయా?"

ఆయన మధ్యాహ్నమంతా ఫ్యానును పరీక్షించాడు.

ఆ తర్వాత రెండు రోజులకు నా దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ పైకి రాడు. నేను మెట్లు దిగడమే అలవాటు. వచ్చి, నా పుస్తకాల మధ్య ఖాళీ చూసుకుని కూర్చుని, జేబులోంచి కాగితం తీశాడు. నేలకు పటం గీసుకున్నాడు. అర్ధచంద్రాలన్నీ అంకెలతో సహా ఉన్నాయి.

"నేను తప్పుగా చదువుతున్నానోయ్," అన్నాడు. "ఏ వస్తువు గుచ్చిందా అని చూస్తున్నాను. ఎక్కడెక్కడ గుచ్చిందో చూడలేదు. మొదటి వారం గుంటలు చూడు. మంచం నుంచి అల్మారా దాకా, అంతే. జానెడేసి దూరంలో ఉన్నాయి. రెండో వారం హాలు గుమ్మం దాకా. మూడో వారం కిటికీ దాకా. ఇప్పుడు మూరెడేసి దూరం వచ్చింది. ఇదుగో, నిన్నటివి వంటింటి గడప ముందు ఆగాయి. అక్కడ గచ్చు మొదలవుతుంది కదా, అక్కడ ఆగిపోయాయి. వారానికో స్టేజీ." పటం నావైపు తిప్పాడు. "మొదటివి లోతుగా, వణుకుతో పడ్డాయి. తర్వాతివి తేలిగ్గా పడ్డాయి. మొదట్లో గతుకు, తర్వాత బస్సు సాఫీగా పోయింది. అన్నీ ఒకే చేతివి, కుడిచేతివి."

నాకు అప్పుడు వెలిగింది. అయినా ఆయన నోటితోనే వినాలని ఊరుకున్నాను.

"మీ అమ్మగారి చేతికర్ర ఉంది కదా. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మీ అక్క పక్కన నేనే పెట్టాను. అడుగు రబ్బరు ఎండిపోయి ఉంది గాని గుండ్రంగా ఉంది. అప్పటి నుంచి అది గోడకే ఆనించి ఉంది. ఆవిడ ముట్టుకోదు. ముట్టుకోనని నాకు చెప్తుంది. ఇవాళ ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు తీసి చూశాను." కాగితం మడిచాడు. "రబ్బరు ఒక పక్క చీలి ఊడిపోయింది. లోపలి ఇనుప గొట్టం అంచు బయటికి వచ్చింది. పలక మీద నొక్కాను."

"పడిందా?"

"పడింది. అర్ధచంద్రం."

ఆ పలక మీద ఇంటిల్లిపాదినీ నిలబెట్టి పరీక్షించాడు గాని, ఆవిడ కర్రను మాత్రం అప్పటిదాకా తేలేదు. ఆయన అనుమానం చేరని మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉండేది.

"నడుస్తోంది బావా! అక్క నడుస్తోంది. సంతోషించక ఆ మొహమేమిటి?"

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. మళ్ళీ అన్నాడు, "నేను వెళ్ళగానే లేస్తుంది, నేను వచ్చేలోపు కూర్చుంటుంది. రోజూ. నా టైము నాకంటే బాగా తెలుసు ఆవిడకు. ఎందుకు?" తనిఖీ చేసేటప్పుడు ఆయన మొహంలో ఎప్పుడూ కోపం ఉండేది కాదు. ఇప్పుడూ లేదు. దెబ్బ తగిలినవాడిలా ఉన్నాడు. "కనుక్కో. నేను అడగమన్నానని చెప్పకు."

మర్నాడు ఆయన షెల్టరుకు వెళ్ళాక దిగాను. తాళం తీసేటప్పుడు కావాలనే చప్పుడు చేశాను. అక్క హాలు మధ్యలో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి కూర్చోలేదు. నిలబడి ఉన్న అక్కను చూసి ఎన్ని నెలలైందో! చిన్నప్పుడు నన్ను బడికి లాక్కెళ్ళిన ఎత్తు గుర్తొచ్చింది.

"పట్టేశాడా?" అంది.

"నేను పట్టేశాను" అన్నాను.

"నువ్వు పట్టేది సున్నా. మీ బావ పట్టాడు, నిన్ను పంపాడు. నిన్నటి నుంచి నాతో మాట్లాడేటప్పుడు నేలవంక చూస్తున్నాడు, ఆ మేస్త్రిలాగ."

"ఆయన ముందే నడవొచ్చు కదే. ఎంత సంబరపడతాడు!"

అక్క నాలుగడుగులు వేసి కుర్చీ చేతిమీద చెయ్యి ఆనించింది. "ఆయన చూస్తుంటే నా కాళ్ళు టికెట్ లేనివాళ్ళ కాళ్ళలా వణుకుతాయిరా. ఆస్పత్రిలో మొదటిరోజు నడిపించినప్పుడు చూశాను ఆయన మొహం. ఇదుగో ఇప్పుడు పడుతుంది, ఇదుగో పడుతుంది అని. నా అడుగు కంటే ముందే ఆయన చూపు నేలమీద పడి ఉంటుంది. ఆ చూపును తొక్కుకుని ఎలా నడవను? ఇంకొంచెం ఆగు. ఆ వంటింటి గచ్చు దాటనివ్వు. అప్పుడు నేనే చెప్తాను." నా చెయ్యి పట్టుకుంది. "ఏం అన్నానో చెప్పకు."

నేను పేచీపడలేదు. సాయంత్రం బావతో ఒకే మాట అన్నాను. "ఇక చెక్ చెయ్యకు బావా."

జేబులోంచి ఆ పటం తీసి, విప్పకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఆ గొట్టం అంచు గచ్చు మీద జారుతుందోయ్. బిరడా మీద గుచ్చుకుంటుంది కాబట్టి నిలబడింది. వంటింట్లోకి వెళ్తే జారుతుంది. రబ్బరు మార్చాలి. మారిస్తే నాకు తెలుసని ఆవిడకు తెలుస్తుంది. మార్చకపోతే..." చేతులు చూసుకున్నాడు. ఇంకో మాట అనడానికి మొహమాటపడ్డాడు. అది నాకు తర్వాత తెలిసింది. కొత్త రబ్బరు వేస్తే నేల మీద ఇక ముద్రలు పడవు. ఎంతదాకా వెళ్ళిందో, ఎప్పుడు ఆగిందో, ఇవాళ నడిచిందో లేదో ఆయనకు చదువుకోవడానికి ఏమీ మిగలదు.

మర్నాడు మందుల షాపులో కొత్త తొడుగు కొని, ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు మార్చేశాడు. అక్క బయటికి వచ్చి కర్రవంక చూసింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఏమండీ, ఈ కర్రకి రబ్బరు మారిందేం?"

"పాతది చీలింది. గోడకు ఊరికే ఆనించినా నేల పాడవుతుంది."

"ఓహో. నేల కోసమా?"

"మరి దేనికోసం? నువ్వు నడవవు కదా."

"అవును. నేను నడవను కదా."

ఇద్దరూ అంత నిబ్బరంగా అబద్ధమాడటం నేను ఎన్నడూ చూడలేదు.

అదే రోజు సుద్ద సున్నాలన్నీ ఆయనే తడిగుడ్డ గట్టిగా పిండి తుడిచేశాడు. మేస్త్రికి కబురంపాడు. వచ్చాక గుమ్మం దగ్గర నిలబెట్టి, "మేస్త్రీ, పలక మంచిదే. పట్టా నేను పరిచాను. తప్పు నాది" అన్నాడు. మేస్త్రి మొదటిసారి తల ఎత్తి ఆయన మొహం చూశాడు. బిరడా పొడిలో జిగురు కలిపి ఆ గుంటలు పూడుస్తానన్నాడు. గుమ్మం దగ్గర రంగు తిరిగిన పలకలు మార్చమన్నాడు బావ. గుంటలు పూడ్చడం మాత్రం వద్దన్నాడు.

"చూడటానికి బాగుండదు సార్."

"ఉండనీ."

తర్వాత రోజు పదిన్నరకు ఏదో పుస్తకం పట్టుకుని నేనూ షెల్టరుకు వెళ్ళాను. బావ ఎప్పుడూ కూర్చునే చోట లేడు. ఇంటివైపు చూసే బల్ల వదిలి, వీపు ఇంటికి పెట్టి, రెండోవైపు కూర్చున్నాడు. బస్సులు ఆయన వెనకగా పోతున్నాయి. ఏ కిటికీనీ ఏమీ అనడంలేదు. అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లాడిలా ఉన్నాడు.

"వెనక్కి తిరిగితే మీ వంటింటి కిటికీ కనిపిస్తుంది బావా," అన్నాను.

"తెలుసు."

"ఇక్కడి నుంచి బాగానే కనిపిస్తుంది."

"తెలుసునోయ్." మోకాళ్ళ మీది అరచేతులు జరపకుండానే అన్నాడు, "మీ అక్క ఎప్పుడూ అంతే. టికెట్‌కి మించి ప్రయాణం చేసే మనిషి."

నేను మాత్రం తిరిగి చూశాను. వంటింటి కిటికీ తెరిచి ఉంది. కిటికీ కమ్మీకి చేతికర్ర వేలాడుతోంది. దాని పక్కన అక్క, రెండు చేతులూ కిటికీ గట్టు మీద పెట్టుకుని, వీధిలోకి చూస్తూ నిలబడి ఉంది. బావ వీపు ఆవిడకు కనిపిస్తూనే ఉండాలి.

నా ఊపిరి మారినట్టుంది.

"ఏమీ చెప్పకు," అన్నాడు బావ, తల వెనక్కి తిప్పకుండానే. గడియారం చూసుకున్నాడు. "ఇంకా నలభై నిమిషాలుంది."